ముద్దాయిని నేనే

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది కేసులో తామెవరో తెలియకుండానే వస్తారు.

కోర్టు గేటుకి ఎదురుగా మెట్ల కింద గది నాది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, రెండు కుర్చీలు. పద్దెనిమిదేళ్ళుగా అర్జీలూ అఫిడవిట్లూ టైపు చేస్తున్నాను. మొదట్లో టైపు మిషను ఉండేది గనక అందరూ టైపక్క అన్నారు. మిషను పాడై మూలపడ్డా పేరు మాత్రం నిలిచింది. టైపక్క పని మంచిది, నోరు మంచిది కాదు అని కూడా అంటారు. ఆ రెండూ నిజమే.

ఏం చేయమంటారు? పొద్దున్నే ఒకాయన వచ్చి, "అక్కా, మా పక్కింటి దోషి మీద కేసు రాయాలి" అంటాడు. ఇంకా కేసే పెట్టలేదు, విచారణ జరగలేదు, అప్పుడే దోషి ఎలా అయ్యాడయ్యా? నేరం మోపితే నిందితుడు. కోర్టు రుజువైందని చెబితే దోషి. ఆ రెంటికీ మధ్య ఏళ్ళ తరబడి దారి ఉంది, ఆ దారిలో ఎంతోమంది నిర్దోషులై ఇంటికి పోతారు. ఇంకొకావిడ అద్దె ఇంటి తగాదాలో నోటీసు అందుకుంది. అందులో ప్రతివాది అని ఉందట. జైల్లో వేస్తారేమోనని మూడు రోజులు అన్నం మానేసి, పీక్కుపోయిన మొహంతో వచ్చింది. దావా వేసినవాడు వాది, ఎవరి మీద వేస్తే వాళ్ళు ప్రతివాది, అది నేరం కాదమ్మా, ఎదుటివైపు నిలబడటం, అంతే అని చెప్పి మంచినీళ్ళిచ్చి పంపాను. చూసినవాడు సాక్షి. దెబ్బ తిన్నవాడు బాధితుడు. పోలీసులకి చెప్పుకున్నవాడు ఫిర్యాది. "మరి ముద్దాయి అంటే?" అని అడుగుతారు. నిందితుడే, పాత మాట, అంటాను. ఇవన్నీ రోజుకి ఇరవైసార్లు చెప్పి నా గొంతు గరుకెక్కింది.

అలాంటి నా ఇంట్లో, సాక్షాత్తూ మా మావయ్య, ముద్దాయి అంటే ఫిర్యాదు చేసేవాడు అనుకునేవారు.

మావయ్య అంటే మా ఆయన తండ్రి. ఐదంతస్తుల ఆఫీసుల భవనంలో లిఫ్టు నడుపుతారు. పాతకాలపు లిఫ్టు. లోపల జాలీ తలుపు, బయట ప్రతి అంతస్తులోనూ పక్కకి జరిగే ఇనప తలుపు, మూలన ఆయన స్టూలు. డెబ్భై దాటాయి, ఇక చాలు మానెయ్యండి అంటే వినరు. "పొద్దున్నుంచీ పైకెక్కుతూనే ఉంటాను, ఇంతకంటే పైకొచ్చినవాడు మన ఇంట్లో ఎవడున్నాడు" అని ఆయన జోకు. అక్కడందరికీ ఆయన లిఫ్టు తాత. కుర్రతనంలో ఒక బట్టల మిల్లులో ముసలి గుమాస్తా దగ్గర పనిచేశారు. ఆ గుమాస్తా ఇంటి భాష వేరు. కూలీలు మొర పెట్టుకోవడానికి వస్తే, "చెప్పవయ్యా ముద్దాయీ, నీ బాధేంటి?" అని కుర్చీ చూపించేవాడట. ఆ మాట మావయ్య నోట్లో ఆ అర్థంతోనే అతుక్కుపోయింది.

నా కూతురికి ఏడేళ్ళు. నిమిషానికో ఫిర్యాదు. దువ్వెన జుట్టు లాగిందని, అద్దం తనని పొట్టిగా చూపిస్తోందని. అందుకని మావయ్య దానికి ముద్దాయి అని పేరు పెట్టారు. చుట్టుపక్కలవాళ్ళేమో ముద్దుగా ఉంది కాబట్టి ముద్దాయి అనుకుని వాళ్ళూ అలాగే పిలిచారు. దాని కోసం ఆయన ఒక రూళ్ళ నోటుబుక్కు కూడా పెట్టారు. పేజీకో ఫిర్యాదు, పైన తేదీ. ముద్దాయి: చిన్నపిల్ల. ప్రతివాది: పిల్లి. ఫిర్యాదు: నా చెప్పు మీద పడుకుంది, లేవమంటే లేవలేదు. తీర్పు: రేపటిదాకా చెప్పు పిల్లిది. కింద రంగు పెన్సిలుతో నా కూతురి సంతకం, పిల్లి తరఫున ఒక చుక్క.

ఇది నాకు నచ్చేది కాదు. ఓ రోజు సాయంత్రం, కోర్టులో అడ్డమైన గొడవా పడి ఇంటికొచ్చేసరికి, గుమ్మంలో పక్కింటావిడతో నా కూతురు గొప్పగా చెబుతోంది, "నేను ముద్దాయిని!" అని. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పసిపిల్లని నేరస్థురాలంటారా మావయ్యా? ముద్దాయి అంటే నిందితుడు. ఎన్నిసార్లు చెప్పాలి? లిఫ్టు మీట లాగేవాళ్ళకి చట్టం మాటలెందుకు చెప్పండి? ఆ పుస్తకం తీసుకెళ్ళి చెత్తలో పారేయండి."

ఆయన నవ్వబోయారు, నవ్వు రాలేదు. పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి అది ఇంట్లో కనబడలేదు. పారేశారనే అనుకున్నాను. అంతకుముందు పేపరు చదువుతూ రోజుకో మాట అడిగేవారు, "అమ్మాయ్, జప్తు అంటే ఏంటి? అమ్మాయ్, స్టే అంటే ఉండమనా, ఆగమనా?" అని. ఆ తర్వాత అడగడం మానేశారు. మానేశారని నేను గమనించలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

అది జరిగిన మూడు వారాలకి, ఒక సోమవారం మధ్యాహ్నం, ఆ భవనం మూడో అంతస్తులో ఒక కొరియర్ అమ్మాయి చేతుల్లో పెద్ద పెట్టెతో లిఫ్టు దగ్గరికి వచ్చింది. మోచేత్తో ఇనప తలుపు పక్కకి జరిపింది. లిఫ్టు అక్కడ లేనప్పుడు ఆ తలుపు జరగకూడదు. లాకు పడి ఉండాలి. తలుపు జరిగింది. పెట్టె అడ్డం, కింద ఏముందో కనబడలేదు, అడుగు వేసింది. లిఫ్టేమో మొదటి అంతస్తులో ఉంది. ఒక అంతస్తు ఎత్తు నుంచి దాని కప్పు మీద పడింది. తుంటి విరిగింది, కాలు విరిగింది, ప్రాణం దక్కింది. లోపల స్టూలు మీద కూర్చున్న మావయ్య నెత్తి మీదే ఆ చప్పుడు. దాని గురించి ఆయన ఇప్పటికీ ఒక్క మాట చెప్పలేదు.

ఆ అమ్మాయిని ఆంబులెన్సు ఎక్కించాక ఆయన చేసిన మొదటి పని నాకు ఫోన్ చేయడం కాదు. టోపీ సరిచేసుకుని, నడుచుకుంటూ పోలీసు స్టేషనుకి వెళ్ళారు. మూడో అంతస్తు లాకు పాడైందని రెండు నెలలుగా భవనం మేనేజరుకి చెబుతూనే ఉన్నారు. ఆ మేనేజరు మీద ఫిర్యాదు ఇద్దామని వెళ్ళారు. అక్కడ కాగితాలు రాసే రైటరు, "నువ్వెవరు?" అని అడిగాడు.

"ఈ లిఫ్టు కేసులో ముద్దాయిని నేనే" అన్నారు మావయ్య, గట్టిగా.

రైటరు తలెత్తి చూశాడట. "ఏదీ, ఇంకోసారి చెప్పు."

"ముద్దాయిని నేనే. రాసుకోండి. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను."

పెట్టారు.

సాయంత్రం నాకు కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి బల్ల మీద నిటారుగా కూర్చుని ఉన్నారు, టోపీ ఒళ్ళో పెట్టుకుని. "ఏం భయం లేదమ్మాయ్. అంతా చెప్పేశాను. ఇక ఆ మేనేజరు సంగతి వీళ్ళు చూసుకుంటారు" అన్నారు. ఆ మొహంలో నిశ్చింత చూసి నాకు భయం మొదలైంది. వాళ్ళిచ్చిన కాగితం తీసుకున్నాను. అప్పటికి ఇంటికి పంపుతున్నారు గానీ, గురువారం కోర్టులో హాజరు కావాలి. ఆయన పేరుకి ఎదురుగా నిందితుడు అని ఉంది. కిందే వాంగ్మూలం: జరిగిన ప్రమాదానికి ముద్దాయిని నేనేనని స్వయంగా స్టేషనుకి వచ్చి ఒప్పుకుంటున్నాను. ఆ మాటని నేను కొన్ని వేలసార్లు టైపు చేసి ఉంటాను. ఆ రోజు మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.

"మావయ్యా, మీరు ఏం ఒప్పుకున్నారో తెలుసా? ముద్దాయి అంటే నేరం చేసినవాడు!"

భయంలో నేనూ తప్పే చెప్పాను. నేరం చేసినవాడు కాదు, మోపించుకున్నవాడు. దిద్దుకునే ఓపిక కూడా లేకపోయింది. ఆయన నా వంకా, కాగితం వంకా చూశారు. ఒళ్ళో టోపీ జారి కింద పడింది. తీసుకోలేదు. నేనే తీశాను.

మా ఆయన లారీ మీద దూరం వెళ్ళి ఉన్నాడు, శుక్రవారానికి గానీ రాడు. ఫోన్లో చెబితే, "నీకు కోర్టు సంగతులన్నీ తెలుసుగా, నువ్వు చూసుకో" అన్నాడు. తెలుసు కాబట్టే భయం. తెలియనివాళ్ళకి ఒకటే భయం ఉంటుంది. నాకు ప్రతి మెట్టూ తెలుసు, ఒక్కో మెట్టుకి ఒక్కో భయం.

మంగళవారం పొద్దున్నే నేను కాగితాలు టైపు చేసి పెట్టే లాయరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ వాంగ్మూలం రెండుసార్లు చదివింది.

"స్టేషన్లో చెప్పిన మాట ఒక్కటే పట్టుకుని ఎవరూ శిక్ష వెయ్యరులే. కానీ మేనేజరు కూడా వాంగ్మూలం ఇచ్చాడట. లాకు భేషుగ్గా ఉంది, తాతే చీటికీ మాటికీ దానికి పుల్ల అడ్డం పెడతాడు అని. ఈ రెండూ ఒకదానికొకటి బలం. గురువారం జడ్జిగారు తేల్చేది ఒక్కటే. కేసు నడిచినన్నాళ్ళూ ఆయన్ని జైల్లో ఉంచాలా, ఇంటికి పంపాలా."

"ఎన్నాళ్ళు నడుస్తుందమ్మా?"

"నన్నడుగుతావేం? వాయిదా కాగితాలు టైపు చేసేది నువ్వేగా."

నిజమే. మూడేళ్ళు, నాలుగేళ్ళు నడిచినవి నా కంప్యూటర్లో వరసగా ఉన్నాయి. మా మావయ్యకి షుగరు. మోకాళ్ళు వంగవు. పొద్దున్నే మాత్ర వేసుకోవడం ఎవరో ఒకరు గుర్తు చేయాలి. నేల మీద పడుకుంటే లేవలేరు. ఆయన అలా ఎందుకన్నారో, ఆ మాటకి ఆయన అర్థమేమిటో గడగడా చెప్పేశాను.

లాయరమ్మ లేచి బీరువాలోంచి ఒక లావుపాటి నిఘంటువు తీసింది. వేలు పెట్టి వెతికి, ఆశ్చర్యంగా నా వంక చూసింది. "మీ మావయ్య చెప్పింది తప్పేం కాదు. ఈ మాట పుట్టిన చోట ముద్దాయి అంటే దావా వేసేవాడే. మన భాషలోకి వచ్చాకే బోను మారింది. ఇక్కడ నిందితుడైపోయింది."

పద్దెనిమిదేళ్ళుగా అందరికీ అర్థాలు చెబుతున్న నాకు ఆ సంగతి తెలియదు. "అయితే ఇది జడ్జిగారికి చూపిస్తే సరిపోతుందిగా?"

"సరిపోదు. పుస్తకంలో ఉంటే చాలదు, ఆయన వాడుకలో ఉండాలి. ఇప్పుడు తప్పించుకోవడానికి ఈ అర్థం వెతుక్కున్నారంటారు. ప్రమాదానికి ముందు నుంచీ ఆయన ఈ అర్థంలోనే వాడేవాడని రాతపూర్వకంగా ఏమైనా ఉందా?"

ఉండేది. చెత్తలో పారేయమన్నది నేనే.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. నేను కోర్టులో అనాల్సిన మాటలు నేర్పబోయాను. మీరు ఫిర్యాది, మీ మీద మోపినందుకు నిందితుడు, ముద్దాయి అనే మాట మాత్రం నోట రానీయకండి అని. ప్రతి దానికీ తల ఊపారు. ఒక్కటంటే ఒక్కటి తిరిగి అడగలేదు. నా కూతురు ఆ పక్కనే నేల మీద కూర్చుని, జన్మలో మొదటిసారి, ఏ ఫిర్యాదూ లేకుండా ఉంది.

"మావయ్యా, ఆ నోటుబుక్కు... పారేశారా?"

ఆయన ఉలిక్కిపడి నా వంక చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను. పోలీసులకి భయపడని మనిషి నాకు భయపడ్డారు. "కోప్పడకమ్మాయ్. పారెయ్యలేదు. లిఫ్టులో స్టూలు కింద రేకు డబ్బాలో పెట్టాను."

బుధవారం పొద్దున్నే ఆ భవనానికి వెళ్ళాను. మూడో అంతస్తు తలుపుకి తాడు కట్టి సీలు వేశారు. లిఫ్టు కింద ఆగి ఉంది, తాళం మేనేజరు దగ్గరుంది. మేనేజరు నలభై ఏళ్ళవాడు, చొక్కాకి ఒక్క ముడత లేదు, బల్ల మీద చేతులు తుడుచుకునే కాగితాలు. మావయ్య కళ్ళజోడు, మందులు కావాలన్నాను. వాటి మాట అబద్ధం కాదు. అతను తాళం తీసి తనే లోపలికి వెళ్ళి, స్టూలు కింద నుంచి డబ్బా లాగి మూత తీశాడు. కళ్ళజోడు పెట్టె, మాత్రలు, మడత గొడుగు, అడుగున నోటుబుక్కు.

"ఇదేంటి?" అని నోటుబుక్కు పైకి తీశాడు.

"మా పాపది సార్. ఆడుకునే పుస్తకం."

తెరిచాడు. మొదటి పేజీ పైకే చదివి నవ్వాడు. "ముద్దాయి, చిన్నపిల్ల! ప్రతివాది, పిల్లి! భలే ఉందే. మీ ఇంట్లో పసిపిల్లలు కూడా ముద్దాయిలేనా?"

నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. అతను ఇంకో పేజీ తిప్పాడు. ఇంకొకటి. చదవడం ఆపేలా లేడు, బొటనవేలు పుస్తకం మధ్యలోకి పోతోంది. ముద్దాయి అన్న మాట మీద అతని కన్ను ఇంకొక్క క్షణం ఆగితే, ఈ పుస్తకం ఎందుకు కావాలో తెలిసిపోతుంది. అతను దాన్ని జేబులో పెట్టుకుంటే నేను చేయగలిగిందేమీ లేదు.

"జాగ్రత్త సార్" అన్నాను. "మా పాపకి కళ్ళకలక. కళ్ళు నులుముకుంటూ ఆ పేజీల మీదే రాస్తుంది."

పుస్తకం డబ్బాలో పడ్డ చప్పుడు నాకు మంగళవాద్యంలా వినిపించింది. అతను రెండు కాగితాలు లాగి చేతులు తుడుచుకుంటూ, "తీసుకుపో, తీసుకుపో" అన్నాడు. నా కూతురి కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. రోజుకి పదిమంది చేత అంతా నిజమే చెబుతున్నానని ప్రమాణ పత్రాలు రాయించేదాన్ని, ఒక్క క్షణంలో అంత అబద్ధం ఆడాను. వీధి మలుపు తిరిగేదాకా పరుగెత్తకుండా నడిచాను.

బస్సులో కూర్చున్నాక గానీ తెరవలేదు. పిల్లి, అద్దం, దువ్వెన, పక్కింటి వాళ్ళ గడియారం. వాటి మధ్యలో, అదే రాతతో, ఒక కొత్త పేజీ. ముద్దాయి: నేను. ప్రతివాది: మేనేజరు గారు. ఫిర్యాదు: మూడో అంతస్తు తలుపు లాకు పడటం లేదు, లిఫ్టు లేకపోయినా తెరుచుకుంటోంది. తీర్పు: వచ్చే వారం చూద్దాం అన్నారు. తర్వాత మళ్ళీ నా కూతురి గొడవలు రెండు. మళ్ళీ మేనేజరు. తీర్పు: తాతకి చాదస్తం అన్నారు, అందరూ నవ్వారు. అన్నిటికీ తేదీలున్నాయి. వెనకా ముందూ రంగు పెన్సిలు సంతకాలున్నాయి, ఎవరూ నిన్న కూర్చుని రాసింది కాదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. నాకు ఊపిరి వచ్చింది. పేజీ తిప్పాను.

ముద్దాయి: నేను. ప్రతివాది: కోడలు.

ఫిర్యాదు: ముద్దాయి అంటే నిందితుడట. పాప ముందు, పక్కింటావిడ ముందు కసిరింది. లిఫ్టు మీట లాగేవాళ్ళకి చట్టం మాటలెందుకు అంది. ఇక ఆమెని ఏ మాటకీ అర్థం అడగను. గుమాస్తాగారు చెప్పిందే నాకు సరి.

తీర్పు అన్నచోట ఏమీ రాయలేదు. గీత గీసి వదిలేశారు.

బస్సు ఎక్కడెక్కడ ఆగిందో నాకు తెలియదు. ఇందుకా నన్ను అడక్కుండా స్టేషనుకి వెళ్ళింది? ఒక్క ఫోను చేసి ఉంటే, "అమ్మాయ్, అక్కడ ఏమనాలి?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఇదంతా ఉండేది కాదు. అడగకుండా నోరు కట్టేసింది నేనే. ఆ పేజీ ఇంకా నాలుగుసార్లు చదివాను. తర్వాత దాని అంచు పట్టుకున్నాను. రేపు ఇది కోర్టులో చదువుతారు. నేను రోజూ టైపు చేసి పెట్టే గుమాస్తాలు, లాయర్లు, బంట్రోతులు అందరూ వింటారు. ఒక్క లాగు లాగితే చాలు.

నేను ఆగింది నిజాయితీ వల్ల కాదు. నడుమ పిన్నులు కొట్టిన పుస్తకం అది. ఈ కాగితం లాగితే దాని జంట కాగితం కూడా ఊడి వస్తుంది. తిప్పి చూస్తే ఆ జంట కాగితం మీద మేనేజరున్నాడు.

గురువారం కోర్టులో మావయ్యని బోనులో నిలబెట్టారు. ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని వచ్చారు, వద్దన్నా వినలేదు. కొయ్య కమ్మీ పట్టుకుని నిటారుగా నిలబడ్డారు. మేనేజరు వెనక బెంచీ మీద కూర్చున్నాడు. లాయరమ్మ నిఘంటువు చూపించింది, నోటుబుక్కు జడ్జిగారికి అందించింది, పేజీ పేజీ చెప్పింది. జడ్జిగారు కళ్ళజోడు పైకి నెట్టుకుని పిల్లి కేసు దగ్గర కాస్త నవ్వారు కూడా. నాకు ఆశ పుట్టింది.

అప్పుడు సర్కారు వకీలు లేచాడు. పుస్తకం అడిగి తీసుకుని సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగాడు.

"అయ్యా, ముద్దాయి అంటే నిందితుడని ఇతని కోడలే ఇతనికి చెప్పింది. ఇక్కడ రాసే ఉంది. ఆవిడ ఈ కోర్టు ముందే టైపు చేస్తుంది, అర్థాలు తెలిసిన మనిషి. ప్రమాదానికి మూడు వారాల ముందే ఇతనికి సరైన అర్థం తెలుసు. తెలిసే ఒప్పుకున్నాడు."

కాపాడుతుందని నేను మోసుకొచ్చిన పుస్తకమే ఆయన్ని పట్టించబోతోంది. మావయ్య నా వంక చూడలేదు. నేల వంక చూస్తున్నారు.

"ఆ కోడలు ఉన్నారా ఇక్కడ?" అన్నారు జడ్జిగారు.

ఎన్నో ఏళ్ళుగా ఆ గదిలోకి కాగితాలు ఇవ్వడానికి వెళ్ళినదాన్ని. సాక్షి నిలబడే చోటు అంత ఎత్తుగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. జడ్జిగారు ఆ పేజీ మొత్తం చదివారు, పైకే, మాట విడవకుండా. లిఫ్టు మీట లాగేవాళ్ళకి అన్న చోట గదిలో ఎవరో దగ్గారు.

"ఈ మాటలు మీరన్నారా?"

"అన్నానండి."

"ముద్దాయి అంటే నిందితుడని ఆయనకి చెప్పారా?"

"చెప్పానండి."

"మరి ఆయన నమ్మారా?"

లాయరమ్మ ఏం చెప్పమందో అంతా గుర్తుంది. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది. "లేదండి. నేను చెప్పిన తీరుకి ఎవరూ నమ్మరండి. అది అర్థం చెప్పడం కాదు, అవమానించడం. ఆ రోజు నుంచి ఆయన నన్ను ఏ మాటా అడగలేదు. దాని తర్వాత పేజీలు చూడండి. నేను అంత అరిచాక కూడా ఆయన మేనేజరు మీద ఫిర్యాదు రాసినప్పుడు ముద్దాయి నేను అనే రాసుకున్నారు. ప్రమాదానికి రెండు రోజుల ముందు కూడా."

జడ్జిగారు పేజీలు తిప్పారు. చాలాసేపు చదివారు.

"రికార్డు కోసం అడుగుతున్నాను" అన్నారు చివరికి, కోపంగా కాదు. "మొదట చదివిన ఆ పేజీలో మీరెవరు?"

కోర్టు గుమాస్తా టైపు చేయడానికి వేళ్ళు పైకెత్తి నా వంక చూస్తున్నాడు.

"ప్రతివాదినండి" అన్నాను.

ఆయన తల ఊపారు. లాకుని ఇంకొకరి చేత పరీక్ష చేయించమన్నారు, మేనేజరుని మళ్ళీ విచారించమన్నారు, అప్పటిదాకా మావయ్యని ఇంటికి వెళ్ళనిమ్మన్నారు. కేసు వచ్చే నెలకి వాయిదా. పుస్తకం కోర్టు దగ్గరే ఉంటుంది. వెనక బెంచీ మీద మేనేజరు చేతులు తుడుచుకుంటూ నా వంక చూశాడు. నిన్న నవ్వుతూ చూసిన మనిషి కాదు.

వరండాలోకి వచ్చాం. మెట్లు దిగడానికి మావయ్యకి చెయ్యి ఇచ్చాను. పట్టుకున్నారు. సగం మెట్ల మీద ఆగిపోయారు, మోకాళ్ళ కోసం అనుకున్నాను.

"మావయ్యా, ఆ పేజీలో తీర్పు రాయలేదు మీరు" అన్నాను.

ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. ఇంకో రెండు మెట్లు దిగాక నెమ్మదిగా, అలవాటు తప్పిన మాట పలుకుతున్నట్టు, అన్నారు.

"అమ్మాయ్. వాయిదా అంటే వదిలేసినట్టా, పట్టుకున్నట్టా?"

ఏడుపు ఆపుకోవడానికి కాస్త టైము పట్టింది.

"రెండూ కాదు మావయ్యా. మళ్ళీ రమ్మన్నారు."

"అయితే ఇంకా భయపడాలా?"

"పడాలి" అన్నాను. "ఈసారి ఇద్దరం కలిసి పడదాం."